గ్యాంగ్‌గా కాదు.. క్లబ్‌గా వెళ్దాం!

జూన్‌లో నాలుగు వానలు పడితే చాలు, ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ హాస్టళ్లలో శనివారం రాత్రి ఒకటే చర్చ. ‘రేపు ఎటు మామా? బొగతకా, కిన్నెరసానికా?’ అర్ధరాత్రికల్లా వాట్సాప్ గ్రూప్‌లో లొకేషన్ పడుతుంది. తెల్లారి ఆరింటికి నాలుగు బైకులు, పది మంది, రెండు హెల్మెట్లు రెడీ. ఎవరు ఏ బండి మీద వస్తున్నారో, మధ్యలో ఎవరు కలుస్తారో, ఎన్నింటికి తిరుగు ప్రయాణమో ఎవరికీ తెలియదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం ‘కంబైన్డ్ స్టడీస్ అమ్మా’ అనే మాట రెడీగా ఉంటుంది.

ఆ సరదాను తప్పు పట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇంజినీరింగ్ నాలుగేళ్లు, ఆ తర్వాత నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే ఒకటి రెండేళ్లు గది గోడల మధ్యే గడిపేవాళ్లకు వారానికి ఒక్క పూట కొండ గాలి అవసరమే. చెప్పాలనుకున్నది ఒక్కటే. ఆ పది మందీ గ్యాంగ్‌గా కాకుండా ఒక క్లబ్‌గా వెళ్తే ముందు ప్రాణాలు భద్రంగా ఉంటాయి. దాంతోపాటు ఏ కోచింగ్ సెంటరూ నేర్పని ఒక పని చేతికి వస్తుంది. ఇంటర్వ్యూ బోర్డు అడిగేది కూడా చాలాసార్లు ఆ పని గురించే.

మన గడప ముందే కొండలు

ట్రెకింగ్ అనగానే మనాలి, కేదార్‌కంఠ అంటాం. కానీ ఖమ్మం ఊరికే ఒక కొండ పేరు ఉంది. స్తంభాద్రి అన్న మాట నుంచే ఖమ్మం వచ్చిందని చెబుతారు. ఊరి మధ్యలో ఖిల్లా ఉంది. కొత్తగూడెం దాటితే అడవి చిక్కబడుతుంది. పాల్వంచ పక్కన కిన్నెరసాని అభయారణ్యం సుమారు 635 చదరపు కిలోమీటర్లు. గోదావరి దాటి భద్రాచలం నుంచి పైకి వెళ్తే దుమ్ముగూడెం, పర్ణశాల, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా కొండలూ వాగులే. కిందికి వెళ్తే పాపికొండలు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. చిన్నప్పుడు మనం ‘ఖమ్మం జిల్లా’ అని చదువుకున్న అడవి ఇప్పుడు ఒకే జిల్లాలో లేదు. 2014లో చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016లో జిల్లా విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం ఏర్పడింది. వాజేడు మండలంలోని బొగత జలపాతం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. అంటే ఆదివారం వెళ్లే కొండను బట్టి అనుమతి అడగాల్సిన అటవీ అధికారి మారతారు, ఒక్కోసారి రాష్ట్రమే మారుతుంది. గ్యాంగ్ ఈ సంగతి పట్టించుకోదు. క్లబ్ పని మొదలయ్యేదే ఇక్కడి నుంచి.

రెండు వారాల తేడాలో రెండు వార్తలు

2014 మే 25. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆనంద్ మనవాడే. అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలం. తండ్రి సైకిల్ మెకానిక్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే.

2014 జూన్ 8. హైదరాబాద్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ నుంచి టూర్‌కు వెళ్లిన విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఆగారు. ఫొటోల కోసం నీళ్లలోని రాళ్ల మీదికి వెళ్లారు. పైన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా వచ్చేశాయి. 24 మంది విద్యార్థులు, వాళ్ల వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు.

ఈ రెండు వార్తల మధ్య రెండే వారాలు. ఎవరెస్ట్ మీద ప్రమాదం ఎక్కువా, రోడ్డు పక్కన నది ఒడ్డున ఎక్కువా అని అడిగితే ఎవరైనా ఎవరెస్ట్ అనే చెబుతారు. మరి అక్కడి నుంచి పిల్లలు క్షేమంగా ఎలా తిరిగొచ్చారు?

ఎలా అంటే, ఏర్పాటు ఉంది కాబట్టి. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ చొరవతో వంద మందికి పైగా పిల్లలకు భువనగిరి కోట రాతి గుట్ట మీద శిక్షణ మొదలైంది. కోచ్ శేఖర్ బాబు. అక్కడ నిలిచిన వాళ్లలో కొందరిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. తర్వాత లద్దాఖ్ చలిలో మరో విడత. అన్ని వడపోతల తర్వాత మిగిలింది ఇద్దరు. ఎవరు ఎక్కడ ఆగాలో, ఎవరు ముందుకు వెళ్లాలో చెప్పేవాళ్లు ప్రతి మెట్టులోనూ ఉన్నారు.

బియాస్ ఒడ్డున అలాంటి ఏర్పాటు ఏదీ లేదు. తప్పు ఆ పిల్లలదని అనడం అన్యాయం. పైన డ్యామ్ ఉందని, గేట్లు ఎత్తుతారని వాళ్లకు ఎవరు చెప్పారు? తర్వాత హిమాచల్ హైకోర్టు విద్యుత్ బోర్డుతో పాటు కాలేజీని కూడా బాధ్యుల్ని చేసింది. ఆ తీర్పు ప్రతి ప్రిన్సిపల్ టేబుల్ మీద ఉండాలి. ‘మా స్టూడెంట్స్ ఆదివారం ఎక్కడికి వెళ్తే మాకేంటి’ అని చేతులు దులిపేసుకునే కాలేజీలు మన దగ్గర చాలానే ఉన్నాయి మరి.

క్లబ్ అంటే బ్యానర్, టీషర్ట్ కాదు

హైదరాబాద్‌లో గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ లాంటివి ఏళ్ల తరబడి వలంటీర్ల మీదే నడుస్తున్నాయి. వారమంతా ఆఫీసు పని చేసుకునేవాళ్లే వారాంతంలో ట్రెక్‌లు, రాక్ క్లైంబింగ్ నిర్వహిస్తారు. అలాంటి క్లబ్ ఒక ఆదివారాన్ని ఎలా నడుపుతుందో చూడండి.

వారం మధ్యలోనే ప్రకటన వస్తుంది. ఎంత దూరం నడక, ఎంత ఎత్తు, మొదటిసారి వచ్చేవాళ్లు చేయగలరా లేదా, ఖర్చు ఎంత, ఎంత మందికి చోటు అన్నీ అందులో ఉంటాయి. పదిహేను మందికి మించితే ‘ఈసారికి లేదు, వచ్చేసారి’ అంటారు. పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరి బ్లడ్ గ్రూప్, ఇంటి ఫోన్ నంబర్, ఆస్తమా, మూర్ఛ లాంటివి ఏమైనా ఉంటే ఆ వివరం ఒక షీట్‌లోకి వెళ్తాయి. ఆ షీట్ కాపీ ట్రెక్‌కు రాని ఒక మనిషి దగ్గర ఊళ్లోనే ఉంటుంది. సాయంత్రం అనుకున్న టైమ్‌కు ‘అందరం వచ్చేశాం’ అన్న మెసేజ్ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ మనిషికి ముందే తెలుసు.

నడక మొదలయ్యే ముందు తలల లెక్క. ముందు నడిచేది లీడర్. అందరికంటే వెనక నడిచే మనిషిని ‘స్వీప్’ అంటారు. వాళ్ల వెనక ఎవరూ ఉండకూడదు, అదే వాళ్ల డ్యూటీ. బృందం వేగం ఎప్పుడూ అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే. ఫస్ట్ ఎయిడ్ ఒకరి బాధ్యత, డబ్బు లెక్క ఇంకొకరిది. తిరిగొచ్చాక రూపాయితో సహా లెక్క గ్రూప్‌లో పెడతారు. ఏది బాగా జరిగింది, ఏది జరగలేదు అని పావుగంట మాట్లాడుకుంటారు.

గ్యాంగ్‌లో ఇవేవీ ఉండవు. అక్కడ స్పీడ్‌గా నడిచేవాడు హీరో, ఆయాసపడేవాడు జోక్. ‘భయపడుతున్నావా’ అన్న ఒక్క మాటకు ఈత రానివాడు కూడా నీళ్లలోకి దిగుతాడు.

ఇంకో సంగతి కూడా గమనించండి. గ్యాంగ్‌లో అమ్మాయిలు దాదాపు కనపడరు. నాలుగు బైకులు, ఎవరో తెలియని పది మంది అంటే ఏ తల్లిదండ్రులు పంపుతారు? అదే ఒక లెక్చరర్ పేరు, వెళ్లేవాళ్ల జాబితా, తిరిగొచ్చే టైమ్, అమ్మాయిల్లో కూడా ఒక లీడర్ ఉంటే ఆ ఇంట్లో మాట మారుతుంది. పూర్ణను పంపిన తల్లిదండ్రులు నమ్మింది కూడా అలాంటి ఏర్పాటునే. ఆమె 2022లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తి చేసింది.

భద్రాచలం వంతెన చెప్పే పాఠం

గోదావరి వరద గురించి ఈ జిల్లా పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక అంత వరద చూడటం అదే.

ఆ మూడు అంకెల్లో ఉన్న తెలివి గమనించారా? వరద వచ్చాక ‘ఇప్పుడేం చేద్దాం’ అని కూర్చుని ఆలోచించరు. ఏ అడుగుకు ఏం చేయాలో ఎండాకాలంలోనే రాసి పెట్టుకుంటారు. 48 దాటిందంటే వాదన లేదు, పని మొదలవుతుంది అంతే.

కొండ మీద కూడా ఇంతే. దీన్నే పర్వతారోహకులు ‘తిరుగు సమయం’ అంటారు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి, శిఖరం వంద అడుగుల దూరంలో ఉన్నా సరే. ఈ మాట పొద్దున్న టిఫిన్ దగ్గరే అనుకోవాలి. పైకి వెళ్లాక అలసట, ఉత్సాహం, ‘ఇంతదూరం వచ్చాం కదా’ అన్న ఆశ, ఈ మూడూ కలిస్తే బుర్ర సరిగా పనిచేయదు. 1996 మే నెలలో ఎవరెస్ట్ మీద ఒకే తుఫానులో ఎనిమిది మంది చనిపోయారు. తిరగాల్సిన టైమ్ దాటిపోయినా కొందరు పైకే వెళ్లడం ఆ విషాదానికి ఒక ముఖ్య కారణం. ఆ బృందాల్లో ప్రపంచంలోనే పేరున్న గైడ్లు ఉన్నారు. అలాంటివాళ్లకే తప్పలేదంటే మనమెంత?

మన వాగులకూ ఇలాంటి గీత ఒకటి కావాలి. 2023 జులై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలోని ముత్యంధార జలపాతానికి వెళ్లిన దాదాపు 80 మంది అక్కడే చిక్కుకుపోయారు. పొద్దున దాటి వెళ్లిన వాగు, వాళ్లు తిరిగొచ్చేసరికి దాటలేని విధంగా పొంగింది. ఫోన్ కలిసింది కాబట్టి సమాచారం అధికారులకు చేరింది. వాగు దాటొద్దని, ఎత్తుగా ఉన్న చోట ఉండమని చెప్పారు. రాత్రంతా అడవిలోనే. జాతీయ విపత్తు స్పందన దళం చీకట్లో వెళ్లి తెల్లవారేలోగా వాళ్లను బయటికి తెచ్చింది. ఆ రాత్రి వాళ్లను కాపాడింది దాటకుండా ఆగిపోవడమే.

అడవి వాగుకు ఒక లక్షణం ఉంటుంది. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఎక్కడో పైన కొండల మీద కురిసిన వాన గంటా రెండు గంటల తర్వాత మీ దగ్గరికి వస్తుంది. నీళ్ల రంగు మారుతున్నా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, శబ్దం పెరిగినా వెంటనే గట్టెక్కాలి. మోకాలు దాటిన పారే నీటిలో అడుగు పెట్టకూడదు. వాగు అవతల చిక్కుకుంటే రాత్రి ఉండిపోండి. ఆకలితో ఒక రాత్రి ఎవరైనా ఉండగలరు.

వానకే కాదు, ఎండకూ భయపడాలి

ఎండాకాలం వాగులు ఉండవు కదా, హాయి అనుకోవద్దు. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగని కొండల్లో కార్చిచ్చు మధ్య ట్రెకింగ్ బృందాలు చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో చెన్నై సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కూడా ఉన్నారు. అక్కడికి ఒక బృందాన్ని తీసుకెళ్లింది ఒక క్లబ్బే. వెళ్లిన దారికి అటవీ శాఖ అనుమతి లేదు. అంటే క్లబ్ అని పేరు పెట్టుకోగానే సరిపోదు. నియమాలు కాగితం మీద ఉండి, కాళ్లకు అందకపోతే గ్యాంగ్‌కూ క్లబ్‌కూ తేడా లేదు.

మన అడవులు ఆకురాల్చేవి. ఫిబ్రవరి చివరికల్లా నేలంతా ఎండుటాకే. ఇప్పపూలు ఏరుకునే రోజుల్లో చెట్ల కింద ఆకు తగలబెట్టడం, తునికాకు సీజన్‌కు ముందు పొదలకు నిప్పు పెట్టడం చాలాచోట్ల ఉన్నదే. అందుకే ఇక్కడ ట్రెకింగ్ క్యాలెండర్ నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకానే. వానాకాలం ముడులు, ఫస్ట్ ఎయిడ్, మెట్ల ప్రాక్టీస్‌కు వాడుకోండి. తడి రాయి ఎక్కడం మాత్రం వద్దు. వేసవిలో చదువుకోండి, పరీక్షలు కూడా అప్పుడే కదా!

పాము కాటు, మలేరియా సంగతి కూడా తెలిసి ఉండాలి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఏజెన్సీలో మలేరియా ఎప్పటి నుంచో ఉంది. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ‘భద్రాచలం అడవికి వెళ్లొచ్చాను’ అని డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి.

అడవి ఖాళీ స్థలం కాదు

మ్యాప్‌లో పచ్చగా కనిపించే చోటు ఎవరిదీ కాదని సిటీ వాళ్లు అనుకుంటారు. మనకు అలా అనుకునే హక్కు లేదు. అక్కడ కోయలు, కొండరెడ్లు తరతరాలుగా ఉంటున్నారు. మీరు ‘వ్యూ పాయింట్’ అనే చోట వాళ్ల వేల్పు ఉండొచ్చు. మీరు టెంట్ వేసే చదును వాళ్ల చేను కావచ్చు. గూడెంలోకి వెళ్లే ముందు పెద్దమనిషిని కలవాలి. అడగకుండా ఆడవాళ్లను, పిల్లలను వీడియో తీసి రీల్ పెట్టడం ఎంత అమర్యాదో మన ఇంటి ముందు ఎవరైనా అదే పని చేస్తే తెలుస్తుంది.

దారి చూపడానికి స్థానికుడిని తీసుకెళ్లండి, కూలి ముందే మాట్లాడుకుని ఇవ్వండి. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో ఏ యాప్ కంటే అతనికే బాగా తెలుసు. అతను ‘ఈ రోజు వద్దు బాబూ’ అంటే ఆ మాటే ఫైనల్.

అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ల మీద కేసు నమోదైతే పోలీస్ వెరిఫికేషన్‌లో ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? రేంజ్ ఆఫీసులో లిఖితపూర్వకంగా అడగండి. బొగత లాంటి చోట్ల ప్రవాహం పెరిగితే అటవీ శాఖ సందర్శన ఆపేస్తుంది. గేటు మూసి ఉంటే పక్కదారి వెతక్కండి.

సరిహద్దు గుట్టల సంగతి మరీ జాగ్రత్త. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల్లో భద్రతా బలగాలు దాదాపు మూడు వారాలు ఆపరేషన్ చేశాయి. అక్కడ మందుపాతరలు ఉన్నాయని, అటు రావద్దని మావోయిస్టులే అంతకుముందు ప్రకటించారు. ఆపరేషన్ ముగిసినంత మాత్రాన నేల కింద ఏముందో ఎవరికి తెలుసు? పోలీసులు, అటవీ శాఖ స్పష్టంగా సరే అనేదాకా వెంకటాపురం, వాజేడు, చర్ల వైపు లోపలి గుట్టలు మన జాబితాలో ఉండకూడదు.

ఫోన్‌ను నమ్మండి, కానీ ఎంతవరకు?

ఫోన్ గురించి ఒక టెక్ మాట. అడవిలో సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. ఫోన్ జీపీఎస్ తన స్థానాన్ని నేరుగా ఉపగ్రహాల నుంచి తెలుసుకుంటుంది. దానికి మొబైల్ నెట్‌వర్క్ అక్కర్లేదు. నెట్‌వర్క్ కావాల్సింది మ్యాప్ డౌన్‌లోడ్ కావడానికి. అందుకే ఇంటి దగ్గరే ఆ ప్రాంతం మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దాచుకోండి. బండి దిగిన చోటును మార్క్ చేసుకుని, నడిచిన దారిని రికార్డ్ చేస్తే అదే దారిలో వెనక్కి రావచ్చు.

సిగ్నల్ లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి జీపీఎస్ మాత్రం ఆన్‌లో ఉంచండి. పదిహేను మందిలో కనీసం రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల సిమ్‌లు ఉండాలి. అత్యవసర నంబర్ 112 మీ నెట్‌వర్క్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ టవర్ అందితే దాని ద్వారా కలుస్తుంది. కానీ ఏ టవరూ లేని లోయలో ఏ నంబరూ కలవదు. అప్పుడు పనికొచ్చేది ఊళ్లో ఉన్న మనిషి చేతిలోని ఆ షీట్ ఒక్కటే.

సరే, ఉద్యోగం సంగతేంటి?

సూటిగా చెప్పుకుందాం. కొండ ఎక్కినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కోడింగ్ రానివాడికి ట్రెకింగ్ వచ్చినా ఆ ఉద్యోగం రాదు. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఎకానమీ పుస్తకం బదులు ఖిల్లా మెట్లు పనికిరావు. నెలకు ఒక ఆదివారం చాలు. నాలుగు ఆదివారాలూ కొండలకే పోతే అది తప్పించుకోవడమే అవుతుంది.

అయితే రెజ్యుమె చివర్లో ‘హాబీస్: ట్రెకింగ్, మ్యూజిక్’ అని రాసేవాళ్లు వందల్లో ఉంటారు. ఆ మాటకు విలువ సున్నా. దాని బదులు ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి: ‘కాలేజీ ట్రెకింగ్ క్లబ్‌లో ఏడాది పాటు భద్రతా బాధ్యుడిని. ఆరు ప్రయాణాలు, ఒక్కోదానికి పదిహేను మంది. అనుమతులు, బడ్జెట్, ఫస్ట్ ఎయిడ్ చూశాను.’ ఇది చదివిన హెచ్‌ఆర్ తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. ‘మీ టీమ్‌లో ఎవరైనా మీ మాట వినకపోతే ఏం చేశారు?’ నలుగురు పైకి వెళ్దామని గొడవ పెట్టినా ఒంటిగంటకు బృందాన్ని వెనక్కి తిప్పిన అనుభవం ఉన్న అమ్మాయి ఈ ప్రశ్నకు గైడ్ పుస్తకం చూసి జవాబు చెప్పక్కర్లేదు. అలాగని చేయనిది రాయకండి. ‘ఎంత దూరం? ఎవరి అనుమతి తీసుకున్నారు? ఖర్చు ఎంతయింది?’ అని మూడు ప్రశ్నలు వేస్తే అబద్ధం బయటపడిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్ విడుదల చేసే ముందు ‘రోల్‌బ్యాక్’ ప్లాన్ రాసుకుంటారు. ఏది పాడైతే, ఏ క్షణంలో, ఎవరు చెబితే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లాలన్నది ముందే అనుకుంటారు. తిరుగు సమయం కూడా అలాంటిదే. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు కంగారు పడకుండా, ఒకరినొకరు నిందించకుండా పని పంచుకునేవాళ్లే ప్రతి టీమ్‌కూ కావాలి. ఆ అలవాటు క్లాస్‌రూమ్‌లో వచ్చేది తక్కువ.

మల్లి మస్తాన్ బాబు పేరు వినని వాళ్లు ఒకసారి వెతికి చదవండి. నెల్లూరు జిల్లా పల్లెటూరి నుంచి కోరుకొండ సైనిక్ స్కూల్, జంషెడ్‌పూర్ ఇంజినీరింగ్, ఐఐటీ ఖరగ్‌పూర్, మధ్యలో సత్యం కంప్యూటర్స్‌లో ఉద్యోగం, తర్వాత ఐఐఎం కలకత్తా. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కారు. చదువు, కొండ ఒకదానికొకటి అడ్డు కావని ఆయన జీవితమే చెబుతుంది. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. కొండ ఎంత గొప్పవాళ్లకైనా మినహాయింపు ఇవ్వదన్నది కూడా ఆయన కథలో ఉన్న నిజమే.

దీన్నే వృత్తిగా ఎంచుకోవాలనుకునే వాళ్లకు దారి ఉంది. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ దాదాపు నాలుగు వారాల బేసిక్ కోర్సు నడుపుతాయి. అందులో ‘ఎ’ గ్రేడ్ వస్తే అడ్వాన్స్‌డ్ కోర్సుకు అర్హత. బేసిక్ కోర్సుకు ముందు సరదాగా చూడాలనుకుంటే యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఏటా హిమాలయాల్లో ట్రెక్‌లు నిర్వహిస్తుంది. ఎన్‌సీసీలో ఉన్నవాళ్లు ట్రెకింగ్ క్యాంపుల గురించి తమ యూనిట్‌లో అడగండి.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి

పెద్ద నిధులేమీ అక్కర్లేదు. పన్నెండు మంది చాలు. అందులో కనీసం నలుగురు అమ్మాయిలు ఉండాలి. బాధ్యత తీసుకునే ఒక అధ్యాపకుడు, ప్రిన్సిపల్ సంతకంతో ఒక పేజీ నియమాలు, ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఒక రిజిస్టర్ చాలు.

మొదటి ఆదివారం ఖమ్మం ఖిల్లా ఎక్కండి. ఊళ్లోనే ఉంది, ఏం జరిగినా పది నిమిషాల్లో ఆసుపత్రి. అక్కడే తలల లెక్క, లీడర్, స్వీప్, తిరుగు సమయం అన్నీ ప్రాక్టీస్ చేయండి. రెండో నెల భువనగిరి. కాజీపేట మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైలు దారిలోనే స్టేషన్. పూర్ణ, ఆనంద్ తాడు పట్టుకోవడం నేర్చుకున్న గుట్ట అది. శిక్షకుడు లేకుండా తాడు జోలికి వెళ్లకండి, మెట్ల దారి చాలు. మూడో నెల అటవీ శాఖ అనుమతితో కిన్నెరసాని వైపు. వెళ్లిన ప్రతిసారీ చెత్త సంచి వెంట ఉండాలి, మీదే కాదు, ముందు వెళ్లినవాళ్లు పడేసింది కూడా అందులో రావాలి.

కాలేజీ యాజమాన్యాలకు ఒక్క మాట. పిల్లలు ఎలాగూ వెళ్తారు. మీరు వద్దన్నా ఈ శనివారం రాత్రి గ్రూప్‌లో లొకేషన్ పడుతుంది. అడవికి వెళ్లకుండా ఆపడం మీ చేతిలో లేదు. లెక్కా జాబితా లేకుండా వెళ్లకుండా చూడటం మాత్రం మీ చేతిలోనే ఉంది. క్లబ్ పెడితే బాధ్యత మీద పడుతుందని భయపడుతున్నారేమో! బియాస్ కేసు చూస్తే ఆ బాధ్యత ఎప్పుడూ మీ మీదే ఉందని అర్థమవుతుంది.

మిత్రులకు చివరగా చెప్పేది ఇదే. ఈ వారం గ్రూప్‌లో ఎవరైనా ‘రేపు ఎటు’ అని అడిగితే, లొకేషన్ పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు పెట్టండి. ఎంత మందిమి? అనుమతి ఎవరిది? వెనక నడిచేది ఎవరు? ఎన్నింటికి వెనక్కి తిరుగుతున్నాం? నాలుగింటికీ జవాబులు వస్తేనే బండి స్టార్ట్ చేయండి. రాకపోతే ఆ ఆదివారం ఖిల్లా మెట్లు ఎక్కి, కింద టీ తాగి, మధ్యాహ్నానికి లైబ్రరీకి వెళ్లండి. కొండలు ఎక్కడికీ పోవు.